ఏ రంగు మాస్టారు

మా ఆయనకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. చేసే ఉద్యోగమేమో హైస్కూల్లో సైన్సు చెప్పడం. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా నవ్వొస్తుంది. పెళ్ళయిన కొత్తలో నాకు మాత్రం ఒళ్ళు మండింది.

నేను బట్టలు కుడతాను. ఇంటి ముందు గదే నా కొట్టు. కిటికీ దగ్గర మిషను, గోడకు చెక్క అరలు, అరల నిండా దారపు రీళ్ళు. రంగులే నాకు ఇంత అన్నం పెట్టేవి. ఒకరోజు ఎవరిదో ముదురు ఆకుపచ్చ గౌను సగంలో ఉండగా దారం అయిపోయింది. చిన్న గుడ్డముక్క చేతిలో పెట్టి, సరిగ్గా ఇదే రంగు చూసి తెమ్మని ఆయన్ని బజారుకు తరిమాను. ఆయన ఇటుకరంగు రీలు తెచ్చారు. పైగా దాన్ని గుడ్డమీద ఆనించి, "అచ్చుగుద్దినట్టు లేదూ?" అన్నారు. కొత్త పెళ్ళాన్ని ఆటపట్టిస్తున్నారనుకుని కోపంగా తల ఎత్తాను. ఆ ముఖంలో ఆటేమీ లేదు. మెచ్చుకోలు కోసం చూస్తున్న ముఖం అది.

ఆయనా చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ఆ నెలలోనే ఇస్త్రీ పెట్టె వైరు తెగింది. సైన్సు మాస్టారు ఇంట్లో ఉండగా రిపేరు కొట్టుకు మోసుకెళ్ళడం ఎందుకని ఆయనే ప్లగ్గు విప్పి కొత్త వైరు బిగించారు. నేను స్విచ్చి వేసి పెట్టె మీద చెయ్యి వేశానో లేదో, మోచేతి దాకా జివ్వుమంది. ఎగిరి గోడకు కొట్టుకున్నాను. ప్లగ్గు విప్పి చూస్తే కరెంటు వచ్చే ఎర్రవైరు ఉండాల్సిన చోట ఎర్తుకు వెళ్ళే ఆకుపచ్చ వైరు, దాని చోట ఇది. ఎర్తు వైరు ఉన్నదే మనిషికి షాకు తగలకుండా కాపాడటానికట. మా ఇంట్లో అదే నన్ను చంపబోయింది.

అప్పుడు కూలబడి చెప్పారు. కాలేజీలో ఉండగా జీవశాస్త్రం చెప్పే ఆయన రంగు చుక్కలతో నిండిన బొమ్మలు క్లాసులో తిప్పారట. చుక్కల మధ్య దాగిన అంకె చదవాలి. అందరూ గడగడా చదివేశారు. ఈయనకు చుక్కలు తప్ప ఏ అంకె కూడా కనబడలేదు. పక్కవాడు ఏమంటే అదే తనూ అనేసి కూర్చున్నారు. సైన్సు అంటే ప్రాణం, నిజం చెబితే ల్యాబులోకి రానివ్వరని భయం. ఉద్యోగంలో చేరేటప్పుడు కళ్ళ పరీక్ష అక్షరాలతోనే సరిపోయింది. రంగుల గురించి అడిగినవాళ్ళు లేరు.

"మరి పిల్లలకు ఎలా చెప్తారు?" అన్నాను. నా మోచెయ్యి ఇంకా తిమ్మిరిగానే ఉంది.

"నేను చెప్పను. వాళ్ళచేత చెప్పిస్తాను" అన్నారు.

అది నిజంగా చూడాల్సిందే. సీసాలో మైలుతుత్తం ద్రావణం పోసి, అందులో ఇనుప మేకు వేసి, కాసేపయ్యాక సీసా పైకెత్తి, "ఇప్పుడు ఏ రంగు?" అంటారు. క్షారంలో సూచిక ద్రవం చుక్క వేసి సీసా ఊపి, "ఏ రంగు?" అంటారు. ఆకును స్పిరిట్‌లో ఉడికించి బయటికి తీసి, "ముందు ఏ రంగు, ఇప్పుడు ఏ రంగు?" అంటారు. పట్టకంలోంచి ఎండ గోడమీద పడేలా చేసి, "లెక్కపెట్టండి, ఒక్కటి కూడా వదలొద్దు" అంటారు. పిల్లలు పోటీపడి ఏడూ అరుస్తారు. ఆయనకు అక్కడ కనిపించేది ఒకవైపు పసుపు, ఒకవైపు నీలం, మధ్యలో బూడిదలాంటిదేదో. నలుగురు పిల్లలు ఒకే మాటంటే అది సరైన జవాబు. ఒకడు వేరే అంటే, "మళ్ళీ చూడు, తొందరేం లేదు" అంటారు.

దీంతో ఆయనకు పేరొచ్చింది. ఈ మాస్టారు తాను చెప్పడు, పిల్లల కళ్ళు తెరిపిస్తాడు అని తల్లిదండ్రులు నెత్తిన పెట్టుకున్నారు. తనిఖీకి వచ్చిన అధికారి మిగతా మాస్టర్లందరినీ వెనక బెంచీలో కూర్చోబెట్టి, ఇలా చెప్పాలి పాఠం అని చూపించాడు. ఆ సంగతి ఇంటికొచ్చి చెబుతుంటే నేను నవ్వలేక చచ్చాను. ఆయన కూడా నవ్వారు గాని, మనసులోంచి కాదు. పిల్లలు పెట్టిన పేరు 'ఏ రంగు మాస్టారు.' ఎదురుగా అనరు, సందు మలుపు తిరిగాక అంటారు. సందులో నా కొట్టుంది కనుక నాకు వినిపించేది.

ఇంటి పనులు నేనే సర్దుకున్నాను. టమాటాలు నేనే ఏరతాను. ఆయన చొక్కాల కాలరు లోపల ఏ ప్యాంటు మీదికి ఏదో తెలిసేలా కుట్లు వేసి పెడతాను. ఒక కుట్టున్న చొక్కాకు ఒక కుట్టున్న ప్యాంటు. స్కూల్లో ఆయన డ్రెస్సుకు మెచ్చుకోలు వచ్చిన రోజున ఇంటికొచ్చి నా మిషను మీద టీ గ్లాసు పెట్టేవారు. మా మధ్య థాంక్సు అంటే అదే.

పదో తరగతిలో వంశపారంపర్యం పాఠం వచ్చినప్పుడు మాత్రం ఆయన గొంతు మారేదట. ఎరుపు, ఆకుపచ్చ తెలియకపోవడమనే లోపం ఎక్స్ క్రోమోజోములో కూర్చుంటుంది. మగవాడికి ఆ ఎక్స్ తల్లి నుంచి వస్తుంది, ఉన్నది ఒకటే కనుక లోపం బయటపడుతుంది. తండ్రి ఎక్స్ కూతురికి వెళ్తుంది, కొడుక్కి వెళ్ళదు. కూతురికి ఇంకో ఎక్స్ ఉంది కనుక ఆమెకు రంగులు బాగానే కనిపిస్తాయి, కాని లోపాన్ని మోస్తుంది. ఇదంతా ఆయన బోర్డు మీద గీసేటప్పుడు 'ఒక మనిషి' అని రాసేవారు. మా అమ్మాయి ఆయన క్లాసులోనే కూర్చుని ఆ పాఠం విన్నది. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి, గుడ్డలు మడత పెడుతూ, "అమ్మా, ఆ ఒక మనిషి నాన్నే కదా?" అంది. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. "నాన్నకు చెప్పకు, నీకు తెలుసని" అన్నాను. పిల్ల ఈ రోజు దాకా చెప్పలేదు. ఇప్పుడు ఇంకో ఊళ్ళో నర్సు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు బదులు టమాటాలు అదే ఏరేది, వాళ్ళ నాన్నకు అనుమానం రాకుండా.

ఇలా సాగిపోతున్న బండికి ఈ ఏడాది అడ్డం పడింది ప్రాక్టికల్ పరీక్ష.

ఏ స్కూలు పిల్లలకూ ఆ స్కూలు మాస్టారు ప్రాక్టికల్ పెట్టకూడదు. బయటి స్కూలు నుంచి ఒకరు వెళ్ళాలి. ఈయన ఏటా వెళ్తారు. ఆయనకో పద్ధతి ఉంది. అందరికంటే ముందు వెళ్ళి, ల్యాబు బల్ల మీద లవణాల గిన్నెలు తనే వరుసగా సర్దుకుంటారు. గిన్నెలకు చీటీలుండవు, పొడులన్నీ తెల్లగానే ఉంటాయి. పిల్లలు తీగ కొస మీద కాస్త పొడి తీసి బర్నరు మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే బేరియం, ఇటుక ఎరుపైతే కాల్షియం. ఆయనకు ఆ రెండు మంటలూ ఒకటే పాలిపోయిన పసుపు. కాబట్టి మంటను చూడరు, గిన్నె ఏ స్థానంలో ఉందో చూస్తారు. పిల్ల చెప్పిన జవాబు ఆ స్థానంతో కలిస్తే మార్కు.

ఆ రోజు పొద్దున్నుంచీ అంతా సవ్యంగా జరిగింది. అందరూ అయిపోయారనుకుని ఈయన బయట వరండాలో మార్కులు కూడుతుండగా ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. బస్సు ఆగిపోయిందట. పోనీలే అని ఈయన కూర్చోబెట్టి, మూడో గిన్నె చూపించారు. ఆయన వరసలో మూడోది కాల్షియం. అమ్మాయి తీగ మంటలో పెట్టి, "ఆకుపచ్చ సార్, బేరియం" అంది.

"సరిగ్గా చూడు" అన్నారు ఈయన.

అమ్మాయి తీగ కడిగి మళ్ళీ పెట్టింది. "ఆకుపచ్చే సార్."

ఈయన సున్నా వేశారు. ఆ ఒక్క ప్రయోగం పోతే ప్రాక్టికల్ మొత్తం పోయినట్టే, ప్రాక్టికల్ పోతే ఏడాది పోయినట్టే. అమ్మాయి ఏడవలేదు గాని, "ఫెయిలైతే ఇంట్లో ఇంక చదివించరు సార్" అంది. ఏటా ఎవరో ఒకరు అనే మాటే కదా అని ఈయన చెవిన వేసుకోలేదు.

గేటు దగ్గర ఆ స్కూలు అటెండరు ఎదురొచ్చాడు. "సార్, అందరూ అయిపోయారనుకుని నేను బల్ల తుడిచేశాను. ఆ అమ్మాయి ఒకతే మిగిలిందని తెలీదు. గిన్నెలు తీసి మళ్ళీ పెట్టాను, ఎక్కడివి అక్కడే పెట్టానో లేదో. ఏం పర్లేదుగా?"

మా ఆయన "ఏం పర్లేదు" అన్నారు. అని బస్సెక్కారు.

దాచడం ఎంత అలవాటైపోయిందంటే ఆ మాట ఆయన ఆలోచించకముందే నోట్లోంచి వచ్చేసిందట. బస్సు రెండు మలుపులు తిరిగాక గాని తాను ఏం చేశారో తలకెక్కలేదు.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నారు, తినలేదు. నేను అడిగితే అంతా చెప్పారు. మార్కుల కవరు మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ స్కూలు బీరువాలోనే ఉంటుంది. ఆ తరవాత పైకి వెళ్ళిపోతుంది, ఇక దిద్దడానికి ఉండదు.

"పొద్దున్నే వెళ్ళి చెప్తాను" అన్నారు.

"ఏమని?"

"ఉన్నదే."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇన్నేళ్ళు నేను కడుపులో పెట్టుకుని కాపాడింది ఇందుకా? ఆ అటెండరు గిన్నెలు మార్చాడని చెప్పండి. నిజమేగా! మీ కళ్ళ సంగతి ఎవరడిగారు?"

"గిన్నె మారితే మంట రంగు మారదు కదా. మంట నా ముక్కు ముందే వెలిగింది. నువ్వు చూడలేదా మాస్టారూ అంటారు. ఏం చెప్పను?"

"ఏదో ఆలోచనలో ఉన్నానని చెప్పండి. తలనొప్పని చెప్పండి. ఊళ్ళో పరువు పోతుందండీ. ఏ రంగు మాస్టారికి రంగులే తెలీవంట అని నా కొట్టు ముందే నవ్వుకుంటూ పోతారు. మీరు ఇన్నేళ్ళు పాసు చేసినవాళ్ళనీ ఫెయిలు చేసినవాళ్ళనీ అందరూ తవ్వి తీస్తారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో! ఆ పిల్ల పైయేడు మళ్ళీ రాసుకుంటుంది, కొంపేం మునిగింది?"

"దాన్ని పైయేడు పంపరు" అన్నారు ఆయన. "రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఒకటే చెప్పింది. అలా చెప్పే పిల్ల..." కంచం తీసుకుని లేచారు.

పొద్దున నేను కొట్టు తీయలేదు. ఆయనతో పాటు బస్సెక్కాను. ఎందుకెక్కానో నాకే తెలియదు. ఆఖరి నిమిషంలోనైనా ఆపుదామనే ఎక్కి ఉంటాను.

ఆ స్కూలు హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. ఆవిడ సంతకాలు పెడుతూ తలెత్తి, కూర్చోమంది. మా ఆయన కూర్చోలేదు.

"నిన్న ఆఖర్న వచ్చిన అమ్మాయికి మార్కు తప్పు వేశాను మేడమ్. తను చెప్పింది కరెక్టు. కవరు ఇంకా వెళ్ళలేదుగా?"

"వెళ్ళలేదు. పొరపాటు ఎలా జరిగింది?"

నేను గుడ్లప్పగించి ఆయన వంక చూశాను. తలనొప్పి అనండి, అటెండరు అనండి అని మనసులో అరుస్తూనే ఉన్నాను.

"నాకు ఎరుపు, ఆకుపచ్చ తెలియవు మేడమ్. పుట్టినప్పట్నుంచీ. గిన్నెల వరస చూసి మార్కులేస్తాను. నిన్న వరస మారింది."

ఆవిడ కలం మూత పెట్టింది. నవ్వుతుందేమో అని నేను ముందే తల వంచుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఇంతకుముందు పెట్టిన పరీక్షల మాటేమిటి మాస్టారూ?"

"ఎప్పుడూ నేనే సర్దుకుని, దగ్గరుండేవాణ్ణి. తప్పు జరగలేదనే అనుకుంటున్నాను. కాని ఒట్టేసి చెప్పలేను."

"ఎవరికైనా చెప్పుకుంటే పక్కన ఒక మనిషిని పెట్టేవాళ్ళం కదా! ఇంతేగా!" అంది ఆవిడ. మా సంసారమంతా మోసిన మూటను ఆవిడ 'ఇంతేగా' అన్న ఒక్క మాటతో కిందపెట్టేసింది. "ఇది నేను పైకి చెప్పకుండా ఉండలేను మరి."

"చెప్పండి" అన్నారు ఈయన.

ఆవిడ చెప్పింది కూడా. తరవాత ఒక అధికారి వచ్చి అడగాల్సినవి అడిగి, ఇకనుంచి ప్రాక్టికల్స్‌లో ఈయన పక్కన ఇంకొకరు ఉండాలని చెప్పి వెళ్ళాడు. ఊళ్ళోవాళ్ళు నా కొట్టు ముందు నవ్వుకున్నారు కూడా. వారం రోజులకు వాళ్ళకే విసుగు పుట్టి మానేశారు. నేను భయపడ్డదంతా జరిగింది, అయినా మేము బతికే ఉన్నాం.

ఆ పొద్దున మాత్రం ఆవిడ అమ్మాయిని పిలిపించింది. నలుగురం ల్యాబులోకి వెళ్ళాం. పొడవాటి నల్లబల్ల, చివర నీళ్ళతొట్టి, గోడకు ఊపిరితిత్తుల పటం, గదంతా స్పిరిట్ వాసన. అమ్మాయి సన్నగా, పొడుగ్గా ఉంది. రాత్రంతా ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మా ఆయన తప్పు తనదేనని, ఎందుకు జరిగిందో కూడా ఆ పిల్లకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు. పిల్ల వింటూ హెడ్‌మిస్ట్రెస్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

హెడ్‌మిస్ట్రెస్ ఈసారి గిన్నె తానే ఎంచి ఇచ్చింది. అమ్మాయి తీగను ఆమ్లంలో ముంచి, మంటలో పెట్టి శుభ్రం చేసి, కొస మీద పొడి తీసి, బర్నరు అంచున నిలిపింది. మంట లేతాకుల రంగులో లేచింది.

"ఏ రంగు?" అని అడిగారు మా ఆయన.

"ఆకుపచ్చ సార్."

"అవును, ఆకుపచ్చే" అంది హెడ్‌మిస్ట్రెస్. కవరు తెప్పించి, సున్నా కొట్టేసి, మార్కు వేసి, పక్కన ఇద్దరూ సంతకాలు పెట్టారు. పని అయిపోయింది. అమ్మాయి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు.

"సార్, ఒకటడగొచ్చా?"

"అడుగమ్మా."

"మా పిన్నికొడుకు మీ స్కూలే. మీరు ప్రతిదానికీ పిల్లల్నే రంగు అడుగుతారట, వాళ్ళు చెప్పిందే నమ్ముతారట. మరి నేను చెబితే ఎందుకు నమ్మలేదు?"

నేను కల్పించుకోబోయాను. చిన్నపిల్లవి, పెద్దవాళ్ళనలా నిలదీయకూడదు అని నాలుక చివరి దాకా వచ్చింది. మా ఆయన చెయ్యి ఎత్తి నన్ను ఆపారు.

"నువ్వు చెప్పింది నిజమైతే నా వరస తప్పినట్టమ్మా. వరస తప్పితే నాకు ఇంకే ఆధారమూ లేదు. పక్కవాళ్ళను పిలిచి అడగాలి. అడిగితే నా సంగతి బయటపడుతుంది. భయమేసింది. అందుకని నీకు సున్నా వేశాను."

పెళ్ళయి ఇన్నేళ్ళయినా భయమేసిందని ఆయన నోటివెంట నేను వినలేదు.

అమ్మాయి బర్నరు కట్టేసింది. తీగను నీళ్ళతో కడిగి స్టాండులో పెట్టింది.

"నాకూ భయమేసింది సార్" అంది. "మీరు రెండోసారి అడిగినప్పుడే అర్థమైంది, ఎరుపు అంటే మార్కులేస్తారని. ఇంట్లో చదువు మాన్పించేస్తారని కూడా తెలుసు. అయినా ఆకుపచ్చే అని చెప్పాను."